వైజాగపటం దంతపు పని: శైలీ కాలవిభజనలో కంసాలి స్థానం

ఉపోద్ఘాతం

ఫర్నిచర్ చరిత్రను పాశ్చాత్య గ్రంథాలు ఎక్కువగా రాజుల, రాణుల పేర్లతో విభజిస్తాయి. క్వీన్ ఆన్ శైలి, జార్జియన్ శైలి, రీజెన్సీ శైలి, విక్టోరియన్ శైలి అన్నవి అందులో స్థిరపడిన పేర్లు. కుర్చీ కాలి వంపు, వీపుపలక ఆకారం, సొరుగు పిడి, పెట్టె అడుగున ఉన్న పాదం చూసి వస్తువు ఏ దశాబ్దానిదో చెప్పడం ఆ శాస్త్రంలో అలవాటు. లండన్‌లో తయారైన వస్తువు విషయంలో ఈ పద్ధతికి పెద్దగా ఇబ్బంది లేదు. అదే నమూనాను ముందు పెట్టుకొని బంగాళాఖాతం ఒడ్డున తెలుగు కంసాలి చేసిన వస్తువుకు ఈ కొలత ఎంతవరకు పనికివస్తుందన్నదే ప్రశ్న. విశాఖపట్నంలో 17వ శతాబ్ది చివరి నుంచి 20వ శతాబ్ది తొలినాళ్ల వరకు సాగిన దంతపు పని ఈ ప్రశ్నను పరిశీలించడానికి తగిన ఉదాహరణ. ప్రపంచ మ్యూజియంలలో, వేలంశాలల జాబితాలలో ఆ వస్తువులు నేటికీ ఊరి పాత ఇంగ్లీషు పేరుతోనే, అంటే 'వైజాగపటం' పని అనే చలామణి అవుతున్నాయి. ఊరి పేరు శైలికి పేరైంది గాని, చేసినవారి పేరు ఒక్కటీ ఆ శైలికి అంటుకోలేదు.

తెలుగువారి ఇంటి సామాను పేర్లలోనూ ఈ చరిత్ర జాడలున్నాయి. పీట, మంచం, బల్ల, పెట్టె పాత మాటలు. కుర్చీ అరబ్బీ మాట, ఉర్దూ మీదుగా తెలుగులోకి వచ్చింది. అలమార పోర్చుగీసు వారితో వచ్చింది. బీరువా మాటకు మూలం 'బ్యూరో' అనే ఫ్రెంచి పదం. దానికి అక్కడ అర్థం రాతబల్ల. ఇంగ్లండులో 18వ శతాబ్దిలో కింద సొరుగులు, మధ్యలో తెరిస్తే రాసుకొనే పలక, పైన తలుపుల అర ఉన్న ఒక పెద్ద సామానుకు బ్యూరో క్యాబినెట్ అని పేరు. విశాఖపట్నంలో పొదుగు పనితో చేసిన గొప్ప వస్తువులలో ఇదొకటి. తెలుగులో మాత్రం రాతబల్ల అర్థం పోయి, తలుపుల అర అర్థమే నిలిచింది. ఈ అర్థపరిణామానికి ఆ జంట సామానే కారణమని గట్టిగా చెప్పలేం. అయితే ఆ మాట వెనుక రాసుకొనే పలక ఒకటి ఉండేదని గుర్తుంచుకోవడం శైలీచరిత్రకు ఉపయోగం.

రేవు, కలప, కొనుగోలుదారు

ఆంగ్ల ఈస్టిండియా కంపెనీ విశాఖపట్నంలో 1682లో వర్తకస్థావరం నెలకొల్పింది. ఉత్తరాన కొద్ది దూరంలో భీమునిపట్నంలో డచ్చివారు స్థిరపడ్డారు. అక్కడి డచ్చి సమాధులు నేటికీ ఉన్నాయి. 1824 నాటి ఆంగ్ల-డచ్చి ఒప్పందం తరువాత, 1825లో ఆ ఊరు ఆంగ్లేయుల వశమైంది. రెండు కంపెనీలకూ ఇక్కడ ప్రధాన ఆకర్షణ కలప కాదు, దంతం కాదు. అద్దకం బట్టలు, నేత బట్టలు. ఫర్నిచర్ ఆ వ్యాపారానికి తోకగా మొదలైంది. బట్ట కొనడానికి వచ్చి సంవత్సరాల తరబడి ఉండిపోయిన ఉద్యోగికి కూర్చోవడానికి కుర్చీ, లెక్కలు రాసుకోవడానికి బల్ల కావాలి. ఓడలో అంతంత సామాను తెచ్చుకోవడం కష్టం. పైగా ఇంగ్లండు చెక్క ఈ తీరపు తేమకు, చెదలకు నిలవదు.

కావలసిన సరుకు మాత్రం ఇక్కడ కలిసివచ్చింది. టేకు, రోజ్‌వుడ్‌గా పేరున్న ఇరుగుడు, నల్లని ఎబొనీ కలప ఈ వర్తకానికి అందుబాటులో ఉండేవి. బర్మా వైపు పెగూతో ఉన్న ఓడ వర్తకం దంతానికీ టేకుకూ ఒక దారి. 1756లో ఈ రేవు చూసిన మేజర్ జాన్ కార్నీల్ అనే సైనికాధికారి తన కథనంలో రెండింటిని ప్రత్యేకంగా మెచ్చుకొన్నాడు. ఒకటి రంగులు వెలిగిపోయే ఇక్కడి అద్దకం బట్ట. రెండవది పొదుగు పని. ఈ రెండింటినీ అతడు ఒకేచోట ప్రస్తావించడం గమనించదగినది. కారణం తరువాత స్పష్టమవుతుంది.

ఇక్కడ ఒక తేదీ మీద దృష్టి నిలపాలి. కార్నీల్ వచ్చిన మరుసటి సంవత్సరం, 1757లో బుస్సీ నాయకత్వంలోని ఫ్రెంచి సేన విశాఖపట్నాన్ని పట్టుకొంది. 1758లో కల్నల్ ఫోర్డ్ రాకతో అది మళ్లీ ఆంగ్లేయుల చేతికి వచ్చింది. 1765లో మొగలు చక్రవర్తి ఫర్మానా, 1768లో నిజాంతో ఒప్పందం తరువాతనే ఉత్తర సర్కారులు కంపెనీకి చట్టబద్ధంగా దక్కాయి. అంటే కంపెనీ ఇక్కడ పాలకుడు కాకముందే, ఒక కొనుగోలుదారుగా ఉన్నప్పుడే, ఈ పని పరిపూర్ణత సాధించి పేరు తెచ్చుకొంది. దీన్ని వలసపాలన కన్న బిడ్డగా చెప్పే వాదానికి ఈ కాలక్రమం అడ్డుపడుతుంది.

పొదుగు

పనివారు కంసాలులు. పంచాణంవారుగా ప్రసిద్ధులైన విశ్వబ్రాహ్మణులలో ఇనుము, కొయ్య, కంచు, రాయి, బంగారం అనే ఐదు వృత్తులు ఉన్నాయి. దంతపు ఫర్నిచర్‌లో వీటిలో కనీసం రెండు కలిశాయి. చట్రం కట్టడం, కూసం, గాడి, సొరుగు అమర్చడం వడ్రంగి విద్య. దంతం మీద వెంట్రుకవాసి గీతలు చెక్కడం బంగారుపని చేసే చేతి విద్య.

తొలిదశ పని ఇలా ఉంటుంది. ముదురు రంగు కలపలో ఆకు, పువ్వు, తీగ ఆకారంలో పల్లం తవ్వుతారు. అదే ఆకారంలో కోసిన దంతపు ముక్కను అందులో కూర్చుతారు. దంతం మీద ఈనెలు, రేకుల మడతలు, నీడలు సన్నని ఉలితో గీసి, ఆ గీతలలో నల్లని లక్క నింపుతారు. పైభాగం నున్నగా తీర్చాక గీతలో మాత్రమే నలుపు మిగులుతుంది. లక్క ఇక్కడ రంగుగా పనిచేస్తోంది. బోలు నగలలో లక్క నింపడం, చెక్కేటప్పుడు నగ కదలకుండా లక్కలో అదిమి పట్టడం తెలుగు బంగారుపనిలో పాత పద్ధతులు. దంతపు గీతలో లక్క నింపే ఆలోచన కొలిమి పక్కనుంచే వచ్చి ఉండవచ్చు. దీనికి లిఖితాధారం లేదు. చేతిపని తర్కం మాత్రం అటే చూపుతుంది.

ఈ వస్తువులలో ఆకారం ఒక కాలాన్ని, అలంకారం మరొక కాలాన్ని చెబుతాయి. మోకాలిలా ముందుకు వంగి మడమ దగ్గర సన్నబడే కాళ్లు, కూజా ఆకారపు వీపుపలక, బంతిని పట్టుకొన్న పంజా వంటి పాదం చూసిన ఇంగ్లీషు పరిశీలకుడు 18వ శతాబ్ది పూర్వార్ధమని నిర్ణయిస్తాడు. అదే కుర్చీ అంచున సాగే పూలతీగ ఆ కాలపు ఇంగ్లండు శిల్పంలోది కాదు. విశాఖపట్నం నుంచి ఓడకెక్కిన అద్దకం బట్టల అంచుకు అది దగ్గరి చుట్టం. ఒక తీగ అలలా వంగుతూ వెళ్లడం, ప్రతి వంపులో ఒక పెద్ద పువ్వు విడవడం, ఖాళీలను చిన్న ఆకులు పూరించడం రెండింటా ఒకే తీరు. సింహాచలం ఆలయపు రాతి అంచులలోనూ లతలున్నాయి కనుక వాటినే మూలమనవచ్చు కదా అన్న ఆలోచన సహజంగా కలుగుతుంది. అయితే ఆ ఆలయ నిర్మాణానికి, ఈ పెట్టెలకు మధ్య నాలుగు శతాబ్దాలకు పైగా ఎడం ఉంది. పక్క వీధిలో ఆరబెట్టిన బట్టను వదిలి అంత దూరం వెళ్లవలసిన అవసరం కనబడదు. కార్నీల్ రెండింటినీ ఒకేసారి మెచ్చుకోవడంలో ఉన్న సూచన ఇదే.

ఆకారం ఆధారంగా కాలం చెప్పడంలో ఉన్న ప్రమాదానికి మరో ఉదాహరణ కోరమాండల్ తీరపు ఎబొనీ కుర్చీలు. 17వ శతాబ్ది ఉత్తరార్ధంలో మెలికలు తిరిగిన కమ్ములతో, నిండు చెక్కడంతో ఈ తీరాన తయారైన నల్లని కుర్చీలు యూరప్ చేరాయి. 18వ శతాబ్దిలో ఇంగ్లీషు రచయిత హొరేస్ వాల్పోల్ ఈషర్‌లో అలాంటి కుర్చీలు చూశాడు. 16వ శతాబ్దిలో కార్డినల్ వుల్సీ నివసించిన భవనం అది. కనుక అవి ట్యూడర్ కాలపు ఇంగ్లీషు కుర్చీలేనని అతడు నిశ్చయించుకొన్నాడు. తన స్ట్రాబెరీ హిల్ భవనం కోసం ఆ తరహావి వెతికి కొన్నాడు కూడా. అతని ప్రభావంతో ఈ పొరపాటు చాలాకాలం నిలిచింది. వంద సంవత్సరాల వయసైనా లేని భారతీయ కుర్చీ రెండు వందల ఏళ్ల నాటి ఇంగ్లీషు కుర్చీ అయిపోయింది. గాథిక్ పునరుజ్జీవన శైలికి పూనుకొన్న పెద్దమనిషి తన దేశపు ప్రాచీనతగా భావించి మురిసిపోయినది ఈ తీరపు వడ్రంగం.

తాపడం

18వ శతాబ్ది మధ్యకాలం దాటాక పనిలో మౌలికమైన మార్పు వచ్చింది. ముదురు కలపలో తెల్లని దంతం పొదగడం తగ్గి, గంధపు చెక్క చట్రం మొత్తాన్ని పలుచని దంతపు రేకులతో కప్పే పద్ధతి పెరిగింది. గోపుర కలశానికి బంగారు తాపడం చేసినట్టే ఇది దంతపు తాపడం. చీకటి నేల మీద వెలుగు బొమ్మ ఉండే వస్తువు, వెలుగు నేల మీద నల్లగీత బొమ్మ ఉండే వస్తువుగా మారింది. చిత్రకళ భాషలో చెప్పాలంటే నేల, బొమ్మ తారుమారయ్యాయి. పాశ్చాత్య కాలవిభజనలో ఈ మార్పుకు పేరు లేదు. అది ఒక రాజుతో మొదలై మరొక రాజుతో ముగిసినది కాదు. వైజాగపటం పనికి సొంతంగా ఒక కాలవిభజన చేయవలసివస్తే ప్రధానమైన గీత ఇక్కడ పడాలి.

ఈ దశకు అత్యంత ప్రసిద్ధమైన నిదర్శనం మద్రాసు గవర్నరుగా 1773 నుంచి 1775 వరకు పనిచేసిన అలెగ్జాండర్ వించ్ వద్ద ఉన్న దంతపు తాపడం కుర్చీలు. ఇవి సుమారు 1770 నాటివి. 1781లో వించ్ ఆస్తి వేలానికి వచ్చినప్పుడు మూడవ జార్జి వాటిని షార్లట్ రాణి కోసం కొన్నాడు. రాణి మరణం తరువాత 1819లో ఆమె వస్తువులు అమ్మకానికి వెళ్లగా, ఆమె కుమారుడే, అప్పటి ప్రిన్స్ రీజెంట్, కొన్నింటిని తిరిగి కొన్నాడు. నేడు అవి బ్రిటిష్ రాజకుటుంబ సేకరణలో ఉన్నాయి. వీపుపలకలోని అల్లిక చూస్తే చిప్పెండేల్ 1754లో ప్రచురించిన నమూనా గ్రంథం రోజులు గుర్తుకువస్తాయి. చట్రం గంధపు చెక్క. తయారైన చోటికి వేల మైళ్ల అవతల వాటి మీద కూర్చున్నది ఒక రాణి. ఏ కంసాలి కోశాడో, ఎంత కూలి ముట్టిందో ఆ చరిత్రలో ఒక్క పంక్తి లేదు.

దంతపు ఫర్నిచర్ అనగానే అంతా ఒకటే అనుకోవడమూ పొరపాటే. బెంగాల్‌లోని ముర్షిదాబాదులో కుర్చీలను గట్టి దంతపు ముక్కలతోనే చెక్కేవారు. విశాఖపట్నం పనివారు దంతాన్ని రేకులుగా కోసి చెక్కకు తొడిగారు. మొదటిది శిల్పి పద్ధతి, రెండవది తాపడం చేసేవాడి పద్ధతి. లండన్‌లో సర్ జాన్ సోన్ కొన్న ముర్షిదాబాదు దంతపు సామాను శ్రీరంగపట్టణంలోని టిప్పు సుల్తాన్ భవనం నుంచి వచ్చినదని చాలాకాలం నమ్మారు. తయారుచేసిన ఊరు కన్నా ఓడిపోయిన రాజు పేరు ఎక్కువ ధర పలుకుతుంది.

ఇల్లు పెట్టెలోకి

18వ శతాబ్ది చివర్లో పెద్ద సామాను తగ్గి చిన్నవి పెరిగాయి. అద్దపు పెట్టెలు, కుట్టుపని పెట్టెలు, టీ ఆకు దాచే డబ్బాలు, బ్యూరో క్యాబినెట్‌కు అరచేతి నకలు అనదగిన బుల్లి బీరువాలు ఈ కాలానివి. స్వదేశానికి తిరిగివెళ్లే ఉద్యోగి ఓడలో పట్టుకుపోగలిగినవి. వాస్తుశిల్పం ఈ వస్తువులలోకి రెండు దారులలో ప్రవేశించింది.

ఒకటి ఆకారం ద్వారా. బుల్లి బీరువా నెత్తిన గ్రీకు ఆలయ ముఖభాగాన్ని తలపించే త్రికోణ శిఖరం, మధ్యలో విరిగి రెండు హంస మెడల్లా వంగిన శిఖరం ఉంటాయి. కొన్ని పెట్టెలు ఏకంగా ఇళ్లే. వాలు కప్పు తీస్తే మూత, గోడలు పెట్టె పక్కలు, కిటికీలు నల్లలక్క గీతలు.

రెండవది బొమ్మ ద్వారా. తలుపుల మీద, మూతల మీద చెట్ల నడుమ ఇంగ్లీషు భవనాల ముఖభాగాలు చెక్కారు. ఇంగ్లండు నుంచి వచ్చిన అచ్చుబొమ్మలే వీటికి మాతృక. రాగిరేకు మీద గీసి అచ్చువేసిన బొమ్మలో నీడను సన్నగీతల వరుసలతో చూపుతారు. దంతం మీద లక్క గీతకు ఆ పద్ధతి సరిగ్గా ఒదిగింది. అందుకే అన్ని కళారూపాల్లోకి అచ్చుబొమ్మను ఎంచుకొన్నారు. తైలవర్ణ చిత్రం అయితే ఇంత సులువుగా దిగేది కాదు.

ఇందులో ఒక విడ్డూరం ఉంది. ఆ భవనాలు విశాఖపట్నంలో లేవు. ఇక్కడి ఆంగ్లేయుల నివాసం వసారాల బంగళా. సముద్రపు గాలి కోసం ఎత్తైన గోడలు, ఎండ పడకుండా దిగిన చూరు, విశాలమైన వరండా దాని లక్షణాలు. తన కళ్లముందున్న ఆ ఇంటిని కంసాలి దంతం మీద గీయలేదు, ఎందుకంటే కొనేవారు దాన్ని అడగలేదు. ఎన్నడూ చూడని ఇంగ్లీషు ఉద్యానభవనాన్ని, గాలి తగలని దాని మూసిన ముఖభాగంతో సహా, తప్పులేకుండా గీశాడు. చుట్టూ అంచు మాత్రం తన పూలతీగదే. నియోక్లాసికల్ అనే ముద్ర వేసి ఈ పెట్టెను ఒక అరలో పెట్టేవారు నడిమి బొమ్మను చూస్తారు గాని అంచును చూడరు.

ఫేన్ కథ

19వ శతాబ్ది గడిచేకొద్దీ దంతం పక్కన మరిన్ని సరుకులు చేరాయి. గంధపు చెక్క మీద నిలువునా చీల్చిన ఏదుపంది ముళ్లను వరుసగా పేర్చడం, అడవిదున్న కొమ్ము, తాబేటిచిప్ప పలుచగా కోసి అతకడం, వాటిని జాలీలా కత్తిరించి దంతం మీద పరచడం ఈ దశ లక్షణాలు. పెట్టెల మీద పురాణ దేవతల బొమ్మలు కూడా ప్రధానంగా ఈ దశలోనే కనబడతాయి. కంపెనీ ఉద్యోగికి 1780లో కావలసింది ఇంగ్లండు. ప్రదర్శనశాలల యుగపు కొనుగోలుదారుకు కావలసింది 'ఇండియా'. కంసాలి రెండూ ఇచ్చాడు. తన ఇంటి దేవుణ్ణి దంతం మీద గీయడానికి కూడా పరాయివాడి అభిరుచి మారేదాకా ఆగవలసివచ్చింది.

డబ్ల్యు. ఫ్రాన్సిస్ కూర్చిన 1907 నాటి విశాఖపట్నం జిల్లా గెజిటీరు ఈ పనిని వర్ణిస్తూ, అంతకు సుమారు అర్ధశతాబ్దం ముందు ఇక్కడ కలెక్టరుగా ఉన్న ఫేన్ దీన్ని ప్రవేశపెట్టాడన్న మాటను నమోదు చేసింది. ఎడ్గర్ థర్‌స్టన్ కూడా 1901లో దక్షిణ భారత దంతపు పనిపై ప్రత్యేక గ్రంథం రాశాడు. ఆయన కులాల గ్రంథంలో కంసాలుల ప్రస్తావన విస్తారంగా ఉంది. జిల్లా చరిత్రలకు ఆధారాలుగా గెజిటీరును, థర్‌స్టన్‌నూ ఇప్పటికీ ఉదహరించడం పరిపాటి.

ఏదుపంది ముళ్ల పెట్టెలకు ఫేన్ ప్రోత్సాహం లభించి ఉండవచ్చు. కొత్త నమూనాలు గీయించి ఉండవచ్చు. ఆమేరకు ఆ మాటను కొట్టివేయనవసరం లేదు. పరిశ్రమ మొత్తానికి అతణ్ణి ఆద్యుణ్ణి చేస్తే మాత్రం కార్నీల్ కథనం, రాణి కుర్చీలు అడ్డు నిలుస్తాయి. ఫేన్‌కు వందేళ్ల ముందే ఈ ఊరి పొదుగు పని సైనికాధికారుల నోట నానింది. ఎనభై ఏళ్ల ముందే రాజభవనం చేరింది. ఈ ఆధారాలు గెజిటీరు రాసేవారికి తెలియకపోవడానికి కారణం వెతకనక్కరలేదు. వస్తువులన్నీ ఊరు దాటిపోయాయి. మిగిలింది బజారులో అమ్ముతున్న కొత్త పెట్టెలు, వాటి వెనుక ఒక దొర పేరు. వస్తువు ఎగుమతి అయిన చోట జ్ఞాపకం కూడా ఎగుమతి అవుతుందనడానికి ఇది స్పష్టమైన దృష్టాంతం. ఈ విషయంలో గణనీయమైన సవరణ 2001లో అమీన్ జాఫర్ బ్రిటిష్ ఇండియా, సిలోన్ ఫర్నిచర్‌పై లండన్ నుంచి ప్రచురించిన గ్రంథంతో వచ్చింది. అందులో విశాఖపట్నానికి ప్రత్యేక స్థానం ఉంది. అంతకు తగిన కృషి తెలుగులో ఇంకా జరగవలసి ఉంది.

దంతం తరువాత

1933లో లోపలి హార్బరుతో కొత్త రేవు ప్రారంభమైంది. 1941లో నౌకానిర్మాణ కేంద్రానికి, 1971లో ఉక్కు కర్మాగారానికి శంకుస్థాపనలు జరిగాయి. నగరపు చేతిపని లోహం వైపు మళ్లింది. దంతపు పనికి చివరి తలుపు చట్టం మూసింది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 1986లో చేసిన సవరణ భారతీయ దంతపు వ్యాపారాన్ని, 1991 సవరణ దిగుమతి చేసుకొన్న ఆఫ్రికా దంతపు వ్యాపారాన్ని నిషేధించాయి. ఏనుగు దృష్ట్యా ఈ నిషేధం అవసరమైనదే. దాన్ని విచారంతో చెప్పుకోవలసిన పని లేదు. లక్క పని మాత్రం ఈ ప్రాంతంలో ఏటికొప్పాక బొమ్మల రూపంలో సాగుతోంది. తరిణె మీద తిరిగే అంకుడు కొయ్యకు పట్టించే ఆ రంగులక్కకూ దంతపు గీతలోని నల్లలక్కకూ వారసత్వం అంటగట్టడం తొందరపాటు. సరుకు ఒకటే, విద్య వేరు.

విదేశాల్లో ఉన్న పాత వస్తువులకూ ఇప్పుడు చట్టం వర్తిస్తోంది. 2022లో అమలులోకి వచ్చిన బ్రిటన్ దంతపు చట్టం క్రయవిక్రయాలను దాదాపు పూర్తిగా నిలిపి, కొన్ని మినహాయింపులు ఇచ్చింది. 1947కు ముందు తయారై, మొత్తం పరిమాణంలో దంతం పది శాతం కన్నా తక్కువ ఉన్న వస్తువు వాటిలో ఒకటి. 1918కి ముందుదై, అసాధారణమైన కళా, సాంస్కృతిక, చారిత్రక విలువ ఉన్నదని నిపుణులు ధ్రువీకరించిన వస్తువు మరొకటి. ఇరుగుడు కుర్చీలో దంతం పొదిగిన పాత పని మొదటి మినహాయింపులోకి సులువుగా వస్తుంది. గంధపు చెక్క మీద దంతం కప్పిన పెట్టె విషయంలో రేకు మందం కొలవాలి. కొలత దాటితే దాని చారిత్రక విలువను నిరూపించాలి. రాజుల పేర్లతో నడిచిన శైలీచరిత్ర పట్టించుకోని పొదుగు, తాపడం భేదాన్ని ఇప్పుడు లండన్ వేలందారు ప్రతి వస్తువుకూ లెక్కగట్టి, దరఖాస్తులో నింపుతున్నాడు.